హజరాబీ నోటి తడి

హజరాబీ కుడిచేతి బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి నాలుక కొసకు ఒకసారి తాకిస్తుంది. వెంటనే ఆ రెండు వేళ్లూ ఒకదాని మీద ఒకటి చిన్నగా దొర్లుతాయి. చేతిలో దారం ఉన్నా అంతే, లేకున్నా అంతే. బస్సు కోసం నిలబడినప్పుడు, ఎవరో తమ కష్టం చెప్పుకుంటుంటే వింటున్నప్పుడు, పెళ్లింట్లో భోజనానికి పిలుపు ఆలస్యమైనప్పుడు, వేళ్లు వాటంతట అవే నాలుక దాకా పోయి వస్తాయి. నమాజుకు నిలబడినప్పుడు మాత్రమే ఆ వేళ్లు ఊరుకుంటాయని ఆమె భర్త చాంద్ అంటాడు. ధర్మవరం బస్టాండు దగ్గర అతనిది పంక్చర్ల అంగడి.

ఆమె పని పడుగు అతకడం. మగ్గం మీద నిలువు దారాలు చివరికి వచ్చినప్పుడు నేతగాడు వాటిని తీసి పారేయడు. ఆ కొసలను అట్లాగే ఉంచి, కొత్త పడుగు కొసలను వాటికి ఒక్కొక్కటిగా అతికిస్తారు. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి. రెండింటినీ పక్కపక్కన పట్టి, తడి వేళ్లతో పురి తిప్పి, వెనక్కి మడిచి వదలాలి. ముడి వేయకూడదు. ముడి వేస్తే దువ్వెన లాంటి అచ్చు పళ్లలో అది ఇరుక్కుంటుంది. ఒక పడుగులో నాలుగు వేల ఎనిమిది వందల పోగులు.

తడి నోటిదే కావాలి. నీళ్లకు పట్టుపోగు జారుతుంది. నోటి తడిలో కంటికి కనపడని జిగురు ఉంది. వేళ్ల మధ్య రెండు దొర్లు దొర్లితే, రెండు పోగులూ తాము ఒకటే అనుకుంటాయి. పదమూడో ఏట వాళ్లమ్మ పక్కన కూర్చుని హజరాబీ ఇది నేర్చుకుంది. ఇప్పుడు యాభై మూడు. ఇరవై రెండు ఇండ్ల మగ్గాలు ఆమెవి. ఆమెవి అంటే, పడుగు మారినప్పుడు ఆమెకే కబురు వస్తుంది.

అందులో మొదటి ఇల్లు పాండురంగది. నీ ఎంగిలి పడితే గానీ మా మగ్గానికి తిండి సయించదు హజరక్కా అని అతను ఎప్పుడూ ఆటపట్టిస్తాడు. అట్లయితే నీ మగ్గానికి నేనే తల్లిని, ఏడాదికొక చీర పెట్టు అని ఆమె అడుగుతుంది. అతని భార్య కమలాక్షి లోపలి నుంచి, చీర సంగతి నన్నడుగక్కా, ఆయన్నడిగితే రంగు బాగలేనిది పెడతాడు అంటుంది. ఈ మాటలు ఇరవై ఏళ్లుగా ఇట్లాగే నడుస్తున్నాయి.

పోయినేడాది దీపావళికి ముందు ఆమెకు గొంతులో కుడిపక్క నొప్పి మొదలైంది. ముద్ద మింగితే చెవి దాకా గుంజేది. ధర్మవరంలో చూసిన డాక్టరు హిందూపురానికి పొమ్మన్నాడు. అక్కడి ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. తొలి దశలో దొరికింది కాబట్టి నయమవుతుందని, ముప్పై మూడు సార్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలని చెప్పారు. హజరాబీ ఒక్కటే అడిగింది.

"నోట్లో తడి ఉంటాదా సార్?"

బతుకుతానా అని అడిగేవాళ్లను ఆ డాక్టరు చూశాడు. జుట్టు ఊడుతుందా అని అడిగేవాళ్లనూ చూశాడు. ఈ ప్రశ్న ఆయనకు కొత్త. ఆమె పని ఏమిటో కనుక్కుని, ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. నోటి ఊట తయారుచేసే గ్రంథులు చెవుల కింద, దవడ కింద, నాలుక కింద ఉంటాయి. గడ్డను చంపడానికి కరెంటు పోయే దారి వాటి పక్కనుంచే. ఎంత తప్పించినా కొంత సెగ తగులుతుంది. కొందరికి ఊట తిరిగి వస్తుంది. కొందరికి రాదు. అంత చెప్పి, ఆమెను పక్క గదిలోని ఇష్రత్ దగ్గరికి పంపాడు.

ఇష్రత్ హిందూపురం పిల్లే. ఇరవై ఆరేళ్లుంటాయి. ఆసుపత్రిలో అప్పుడే మొదలైన ఒక పరిశోధనకు ఆమెది కొలతలు తీసి రాసే పని. పసుపులో, ద్రాక్ష తొక్కలో, ఉల్లిపాయలో, టీ ఆకులో ఉండే కొన్ని పదార్థాలు కరెంటు సెగ నుంచి ఈ గ్రంథులను కాపాడతాయేమోనని లోకంలో చాలా చోట్ల చూస్తున్నారని ఆమె చెప్పింది. ఎలుకల్లో కొన్ని బాగానే పనిచేశాయి. మనుషుల సంగతి ఇంకా తేలలేదు. ఇక్కడ చూస్తున్నది టీ ఆకు నుంచి తీసినది. కరెంటు పెట్టినన్నాళ్లూ పూటకొక గొట్టం మాత్ర. అరవై మందిలో సగం మందికి మందు ఉన్న మాత్ర, సగం మందికి ఒట్టి పిండి ఉన్న మాత్ర. ఎవరికి ఏది పోతున్నదో ఇష్రత్‌కూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

ఇచ్చేవాళ్లకే ఏమిస్తున్నారో తెలియని అంగడిని హజరాబీ ఎక్కడా చూడలేదు. ఆ మాటే అన్నది. ఇష్రత్ నవ్వింది. ముందే తెలిస్తే మనసు ఒక పక్కకు మొగ్గుతుంది, కొలత వంకరవుతుంది అని వివరించింది. తర్వాత ఆ పదార్థం ఏం చేస్తుందో చెప్పింది. కరెంటు ఒంట్లో నిప్పురవ్వల్లాంటివి పుట్టిస్తుంది. అవి గ్రంథిని కొరక్కముందే ఈ పదార్థం వాటిని ఆర్పుతుందని ఆశ.

"పడుగుకు గంజి పెట్టినట్ల" అన్నది హజరాబీ. "అటూ ఇటూ ఉరికే నాడె రాపిడికి గంజి పోతాది. దారం మిగుల్తాది."

ఇష్రత్‌కు ఆ మాట నచ్చింది. ఆ తర్వాత వచ్చిన వాళ్లందరికీ అదే చెప్పింది. మగ్గం మొహం చూడని గుడిబండ రైతులకు కూడా గంజి కథే.

హజరాబీ సంతకం పెట్టింది. రెండు షరతులు. వేరే ఆకులు, వేర్లు, కషాయాలు ఏవీ నోట్లో వేసుకోకూడదు. ముందొకసారి, కరెంటు అయ్యాక మూడో నెలలో, ఆరో నెలలో వచ్చి నోటి ఊట కొలిపించుకోవాలి. కొలత తేలికే. అయిదు నిమిషాలు తల వంచుకుని కూర్చుని, నోట్లో ఊరినదంతా మింగకుండా కప్పులోకి వదలాలి. కప్పును తూకం వేస్తారు.

తేలికైన ఆ పని ఆమెకు కష్టమైంది. మగ్గం ఉన్న ఇంట్లో ఉమ్మకూడదని చిన్నప్పటి నుంచి విన్నది. మనిషి ఎదురుగా ఉమ్మి ఎరగదు. అందుకని ఇష్రత్ ఆమె కుర్చీ చుట్టూ కర్టెన్ లాగి, గడియారం పట్టుకుని బయట నిలబడింది. రక్తం తీసిన కుడిచేతికి అప్పుడే దూది అంటించి, మోచెయ్యి మడిచి ఉంచమన్నారు. అట్లాగే కదలకుండా కూర్చుంది. రెండు గ్రాముల పైన ఒక పిసరు వచ్చింది. ఇది బాగా ఎక్కువే పెద్దమ్మా అని ఇష్రత్ అంటే, హజరాబీ కొత్త పెళ్లికూతురులా తల దించుకుంది.

ముప్పై మూడు రోజులు పొద్దున రైలు. చాంద్ అంగడి మూసి వెంట వచ్చేవాడు. పెనుకొండలో పాపన్న ఎక్కేవాడు. అతనిదీ గొంతే, అతనూ అదే పరిశోధనలో ఉన్నాడు. కొండ కింద బడి ముందర ఐసు అమ్మేవాడు. కేకేసి అమ్మే మనిషికి గొంతులో జబ్బు వచ్చిందని తన మీద తానే జోకులు వేసుకునేవాడు. మలుగూరు దాటే లోపల ముగ్గురికీ ఒక రోజుకు సరిపడా నవ్వు అయిపోయేది.

పాపన్న ఒక రోజు రహస్యంగా చెప్పాడు. మాత్రను విప్పి నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుందట. చేదైతే మందు, చప్పనైతే పిండి. తనది చేదు. హజరాబీ ఇంటికి పోయి తలుపు వేసుకుని ఒక మాత్ర విప్పింది. నాలుక మీద పొడి పడింది. చేదు లేదు. చప్పన కూడా కాదు. అప్పటికి మూడో వారం. కరెంటుకు నాలుక రుచి పూర్తిగా పోయింది. చక్కెర వేసుకున్నా అంతే, ఉప్పు వేసుకున్నా అంతే. ఇంత మోసం చేసి ఏమీ తెలుసుకోలేకపోయినందుకు ఆమెకే నవ్వొచ్చింది. మర్నాడు ఇష్రత్‌కు చెప్పేసింది. పాపన్న సంగతి చెప్పలేదు.

నోరు ఎండింది. కూడు నీళ్లతో మింగాలి. మాట నాలుకకు అంటుకుని ఆగిపోయేది. వీధిలో వాళ్లు ఊరుకోలేదు. కదిరమ్మ తిప్పతీగ తెచ్చింది. ఇంకొకరు ఉసిరి, మరొకరు కొత్తచెరువు నుంచి ఏదో వేరు. వద్దంటే బాధపడతారు, తీసుకుంటే షరతు తప్పుతుంది. హజరాబీ అన్నీ తీసుకుని, దండం పెట్టి, మేకకు వేసింది. ఆ చలికాలం మేక నున్నగా తయారైంది. మందు బాగా పట్టిందే అని కదిరమ్మ హజరాబీ మొహం చూసి అంటే, చాంద్ మేక వైపు చూసేవాడు.

గడ్డ కరిగింది. పరీక్షలో ఏమీ కనపడలేదన్నారు. ఇంట్లో అందరూ ఏడ్చి, నవ్వి, బిర్యానీ వండారు. కోడలు సైమా ఆమెకు మాత్రం పలచగా జావ కాచింది. హజరాబీ ఆ జావ తాగి, రెండు రోజులు చూసి, మూడో రోజు పాండురంగ ఇంటికి నడిచింది.

నోటికి బదులు ఒక చిన్న గిన్నెలో తడి స్పాంజి పెట్టుకుంది. రోజంతా అతికింది. వేళ్లు మర్చిపోలేదు, పురి బాగానే తిరిగింది. సాయంత్రం పాండురంగ మగ్గంలో దిగి కాలితో తొక్కాడు. నీళ్లతో అతికిన పోగులు ఒకటి వెనక ఒకటి జారిపోయాయి. మూడు వందల దాకా. కమలాక్షి కాఫీ తెచ్చి ఆమె చేతికిచ్చి పక్కనే కూర్చుంది. ఊడిన కొసలు గాలికి ఊగుతున్నాయి.

హజరాబీ కాఫీ తాగి లేచింది. మొదటి కొలతలో సగం తిరిగి వస్తే పని చేసుకోవచ్చని ఇష్రత్ ఒకసారి అన్నది. ఆ మాట పట్టుకున్నది.

"ఆరో నెల కొలత ఒక గ్రాము దాటాల పాండురంగా. దాటకపోతే నా ఇండ్లన్నీ స్వాతికి అప్పజెప్తా. ఇంక మగ్గాల దగ్గరికి రాను."

స్వాతి ఆమె దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, మంచి చెయ్యి. పాండురంగ ఆ రోజు ఆ పిల్లనే పిలిపించి ఊడినవి అతికించుకున్నాడు. కానీ శ్రావణం పెళ్లిళ్ల కోసం తెప్పించిన పడుగును తెల్లగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆరో నెల దాకా దాన్ని ఎవరూ ముట్టరాదని ఇంట్లో చెప్పాడు.

మూడో నెల కొలతలో అర గ్రాము కూడా రాలేదు. హజరాబీ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత తర్వాత నోరు మెల్లగా మారింది. పడుకునేటప్పుడు తల దగ్గర పెట్టుకున్న చెంబు తెల్లవారినా నిండుగానే ఉండేది. ఒక రోజు జొన్నరొట్టె పప్పులో ముంచుకుని సగం తిన్నది. చింతకాయ పచ్చడి పులుపు తెలిసింది. ఇంత బాగున్నా ఆమె ఆశ పెట్టుకోలేదు. పెట్టుకోలేదని అనుకున్నది.

ఆషాఢంలో ఆరో నెల కొలతకు పోయారు. పాపన్న కూడా వచ్చాడు. ఇష్రత్ తన దుపట్టాను కుర్చీ పక్కన కొక్కేనికి తగిలించి, కప్పు చేతికిచ్చి, కర్టెన్ లాగింది. అయిదు నిమిషాలు. కప్పు తీసుకుపోయి తూకం వేసింది. మళ్లీ వేసింది. అర గ్రాము.

నోట్లో తడి ఉంది. హజరాబీకి తెలుస్తూనే ఉంది. నాలుక పెదవుల మీద పోతోంది, వస్తోంది, ఎక్కడా అంటుకోవడం లేదు. కానీ అంకె అంకే. ఆమె కొంగు సర్దుకుంది. స్వాతికి ఏ ఇల్లు ముందు చూపాలా అని ఆలోచించింది. శాంతినగర్ వైపు నుంచి మొదలుపెడితే మంచిది. అక్కడి వాళ్లు కొత్త మనిషిని విసుక్కోరు.

ఇష్రత్ అంకె రాసుకుని దుపట్టా కోసం చెయ్యి చాపింది. చాపి, ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇదెవరు చేసినారు?"

దుపట్టా అంచున కుచ్చులు కట్టకుండా వదిలేసిన దారాలు వేలాడుతుంటాయి. అవన్నీ ఇప్పుడు రెండేసి కలిసి, పురి తిరిగి, నీటుగా వెనక్కి మడిచి ఉన్నాయి. హజరాబీ చూసింది. అది తన పనే అని చూడగానే తెలిసింది. ఎప్పుడు చేసిందో మాత్రం తెలియలేదు.

"నేనే ఉండాల పాపా. విడదీసిస్తా, ఈడియ్యి."

ఇష్రత్ ఇవ్వలేదు. వేలు పెట్టి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది జతలు.

"తడి యాడిది?"

హజరాబీ తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. ఇష్రత్ కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. కప్పులో పడాల్సినదంతా దుపట్టాకు పోయింది. కప్పు పట్టుకున్నది ఎడమచేయి. కుడిచేయి దాని పని అది చేసుకుపోయింది.

మరి మూడో నెల సంగతి? ఆ రోజు దుపట్టా అక్కడ లేదు. ఇష్రత్ లేచి కర్టెన్ అడుగు అంచు పట్టి చూసింది. కుట్టు ఊడి పీచులు వేలాడే చోట, రెండు మూడు జతలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఈ మూడు నెలల్లో దాన్ని ఎన్నిసార్లు ఉతికారో. హజరాబీ వంగి చూసి, సిగ్గులోనే కొంచెం గర్వపడింది.

గంట ఆగి మళ్లీ కొలవవచ్చని డాక్టరు చెప్పాడు. ఈసారి చేతులు కదలకూడదు. ఎవరైనా పట్టుకోవాలి. ఇష్రత్ గడియారం చూడాలి. కాబట్టి కప్పును ఎత్తు బల్ల మీద పెట్టి, చాంద్‌ను లోపలికి పిలిచారు. కర్టెన్ వద్దని హజరాబీయే అన్నది. చాంద్ ఎదురుగా కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. పంక్చర్ల నలుపు పోని చేతులు.

"పెండ్లయిన ముప్పై రెండేండ్లకు, పదిమందిలో చెయ్యి పట్టుకోమంటాండారు" అన్నాడు ఎటో చూస్తూ.

"గట్టిగా పట్టుకో చాందప్పా" అని తలుపు దగ్గర బెంచీ మీద నుంచి పాపన్న. "ఒదిలితే ఆసుపత్రిలో దుప్పట్లన్నీ అతికి పెడ్తాది."

నవ్వితే కప్పు తప్పిపోతుంది. హజరాబీ కళ్లతోనే నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చాంద్ అరచేతుల్లో ఆమె వేళ్లు రెండు మూడు సార్లు గుంజుకున్నాయి. అతను వదల్లేదు.

ఒకటి పాయింట్ రెండు.

ఇష్రత్ ఆ అంకెను రెండుసార్లు చదివింది. మొదటిసారి తనకు, రెండోసారి పైకి. చాంద్ ఇంకా చేతులు పట్టుకునే ఉన్నాడు. అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయని పాపన్న గుర్తుచేశాడు.

కాగితం మీద రెండు అంకెలూ రాయాలి. ఏది లెక్కలోకి వస్తుందో పైవాళ్లు తేలుస్తారు. తేడాకు కారణం రాసే గడిలో ఇష్రత్ కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, రోగి కొలత సమయంలో దారాలు అతికింది అని రాసింది. డాక్టరు చదివి, దిద్దకుండా సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ గదిలో ఒక కొత్త నియమం వచ్చింది. కొలిచేటప్పుడు రెండు చేతులూ కనపడాలి.

ఇంతకీ ఆమె మింగినది మందా, పిండా? చాంద్ అడిగాడు. అరవై మందీ పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదని ఇష్రత్ చెప్పింది. పిండి మింగినా కొందరికి ఊట తిరిగి వస్తుంది. మందు మింగినా కొందరికి రాదు. ఒక్క మనిషిని చూసి ఏదీ చెప్పలేం. అందుకే అరవై మంది. హజరాబీ ఆ మాటకు తల ఊపింది. ఒక్క పోగును చూసి పడుగు మంచిదని ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేదు.

హిందూపురం స్టేషన్లో రైలు ఆలస్యం. చాంద్ బొరుగులు కొన్నాడు. అలవాటుగా నీళ్ల సీసా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె సీసాను పక్కకు జరిపింది. ఒక పిడికెడు నోట్లో వేసుకుని, మెల్లగా నమిలి, నీళ్లు లేకుండా మింగింది. ఇంకో పిడికెడు. పాపన్నా చాందూ తినడం మానేసి ఆమె గొంతునే చూస్తున్నారు. పొట్లం ఖాళీ చేసి, కాగితం మడిచి, ఇంకొకటి తెమ్మన్నది. రైలు వచ్చేసరికి మూడు పొట్లాలయ్యాయి. పాపన్న తన గొంతు ఎట్లా పలుకుతోందో చూపించడానికి ప్లాట్‌ఫారం మీద ఐసు అమ్మే కేక ఒకటి వేశాడు. జనం తిరిగి చూశారు. ఒక చంటిబిడ్డ నిజంగానే ఐసు అడిగింది.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు హజరాబీ పాండురంగ ఇంటి ముందు కాళ్లు కడుక్కుంది. అతను అటక మీద నుంచి తెల్లగుడ్డ దించాడు. కమలాక్షికి ఫ్యాను ఆపమని చెప్పి, హజరాబీ మగ్గం ముందు కూర్చుంది. వంద పోగులకు ఒకసారి ఆగి నోటిని ఊరనిచ్చింది. మునుపైతే ఆగేది కాదు. ఏడున్నరకు నాలుగు వందల పోగులయ్యాయి. పాండురంగ వాటిని గుప్పిటితో పట్టి గుంజి చూశాడు. తర్వాత ఇంకొంచెం గట్టిగా గుంజాడు. ఆమె అతని చేతి మీద ఒకటి వేసి, అయిదో వంద మొదలుపెట్టింది.